ఫార్మాట్ మారినా అక్షరం అక్షరంగానే ఉండాలంటే

2016 అక్టోబర్ 11న, దసరా పండుగ నాడు, మా నల్లగొండ జిల్లా మూడు జిల్లాలైంది. ఆ వారం నుంచే మా డీటీపీ దుకాణంలో రద్దీ మొదలైంది. హుజూర్‌నగర్ నుంచి ఒక బడి లెటర్‌హెడ్, కోదాడ నుంచి ఎరువుల దుకాణం బిల్లు పుస్తకం, ఆలేరు నుంచి ఒక దవాఖాన బోర్డు వచ్చాయి. అందరికీ కావలసింది ఒక్కటే, ‘నల్లగొండ జిల్లా’ అన్నచోట కొత్త జిల్లా పేరు పెట్టడం. ఎంతసేపు పడుతుందని అడిగితే ఐదు నిమిషాలని చెప్పాను. ఫైళ్లు తెరిచాక తెలిసింది, చాలావాటిలో అక్షరాలే లేవు. అక్షరాల ఆకారంలో గీతలున్నాయి. ‘నల్లగొండ’లోని ‘ల్ల’ను నొక్కితే చుక్కలు, వంపులు తప్ప ఏమీ లేదు. ఆ మాట తుడిచి, ఫాంటు ఏదో కళ్లతో పోల్చుకొని, కొత్తగా టైపు చేసి, కొలత సరిపెట్టేసరికి ఒక్కో ఫైలు ఒక పూటను తినేసింది.

ఇలాంటి మార్పు అదొక్కటే కాదు. అంతకు ముందు 2014లో రాష్ట్రం పేరు మారింది, ఆ తరువాత 2024లో టీఎస్ స్థానంలో టీజీ వచ్చింది. ఫోన్ నంబర్లు, ధరలు, జాతర తేదీలు మారుతూనే ఉంటాయి. అందుకే ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరొక సాఫ్ట్‌వేర్‌కు ఫైలు పంపేటప్పుడు, అందులోని అక్షరాన్ని మళ్లీ టైపు చేసి మార్చగలిగే స్థితిలో ఎలా దాటించాలో వరుసగా చెబుతున్నాను. కోరెల్‌డ్రా, ఇల్లస్ట్రేటర్, ఇంక్‌స్కేప్‌లలో ఏదో ఒకటి వాడడం వస్తే చాలు, మిగతాది అర్థమవుతుంది.

మొదట, ఫైలులో ఉన్నదేమిటో తేల్చుకోండి

తెర మీద ఒకేలా కనిపించే ‘శుభలేఖ’ అన్న మాట మూడు రకాలుగా ఉండవచ్చు. నిజమైన అక్షరం కావచ్చు, కర్వ్స్‌గా మార్చిన గీత కావచ్చు, స్కాన్ చేసి అతికించిన ఫొటో కావచ్చు. కోరెల్‌డ్రాలో ఆ మాటను ఎంచుకొని కింది పట్టీ చూడండి. ఆర్టిస్టిక్ టెక్స్ట్ అనో పేరాగ్రాఫ్ టెక్స్ట్ అనో ఉంటే అది అక్షరం. కర్వ్ అని ఉంటే గీత. బిట్‌మ్యాప్ అని ఉంటే ఫొటో. ఇల్లస్ట్రేటర్‌లో, ఇంక్‌స్కేప్‌లో టైపు పరికరం తీసుకొని మాట మధ్యలో నొక్కితే, అక్షరాల నడుమ కర్సర్ నిలబడాలి. నిలబడకపోతే అది అక్షరం కాదు.

ఈ మూడు సాఫ్ట్‌వేర్లూ తెరవగలిగే ఎస్‌వీజీ (.svg) ఫైలుకు ఇంకా మంచి పరీక్ష ఉంది. లోపల చూస్తే ఎస్‌వీజీ మామూలు రాత ఫైలే. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి, డిజైన్‌లో ఉన్న ఏదైనా తెలుగు మాటను వెతకండి. ఆ మాట టెక్స్ట్ అనే ట్యాగుల మధ్య దొరికితే అక్షరం బతికే ఉంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది, జాగ్రత్తగా వినండి. ఇంక్‌స్కేప్ అక్షరాలను గీతలుగా మార్చేటప్పుడు, అసలు మాటను ఏరియా లేబుల్ (aria-label) అనే చోట రాసి పెడుతుంది. కాబట్టి వెతికినప్పుడు మాట దొరికినా, అది ఆ లేబుల్‌లో మాత్రమే ఉంటే డిజైన్‌లో ఉన్నవి గీతలే. కాకపోతే ఆ లేబుల్‌లోంచి మాటను కాపీ చేసుకోవచ్చు, మళ్లీ టైపు చేసే శ్రమ తప్పుతుంది. నేను ఈ విధంగా రక్షించుకున్న ఫైళ్లు చాలా ఉన్నాయి.

అను ఫాంటా, యూనికోడా?

ఇంగ్లిష్ రాసే వారికి లేని ప్రశ్న ఇది, మనకు మాత్రం అన్నిటికన్నా పెద్దది. మన ప్రాంతంలో ఏళ్ల తరబడి శుభలేఖలు, కరపత్రాలు, బియ్యం బస్తాల మీది ముద్రలు అన్నీ అను ఫాంట్లలోనే తయారయ్యాయి. అందమైన ఫాంట్లు, ఆఫ్‌సెట్ పనికి ఇప్పటికీ ఎందరో వాడుతున్నారు. అయితే ఆ ఫైలులో ఉన్నది కంప్యూటర్ దృష్టిలో తెలుగు కాదు. ఇంగ్లిష్ అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన గదుల్లో తెలుగు ముక్కల ఆకారాలు కూర్చోబెట్టారు. ఫాంటు ఉన్నంతసేపే అది తెలుగుగా కనిపిస్తుంది. ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల కుప్ప.

తేల్చుకోవడం తేలిక. మాటను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. తెలుగు కనిపిస్తే అది యూనికోడ్, అంటే తెలుగు అక్షరాలకు సొంత గదులున్న పద్ధతి. పిచ్చి గుర్తులు కనిపిస్తే పాత పద్ధతి ఫాంటు. పాత పద్ధతిదైతే ఫార్మాట్ మార్చే ముందే యూనికోడ్‌కు మార్చండి. అను నుంచి యూనికోడ్‌కు మార్చే పరికరాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మార్చాక వత్తులు, విరామ చిహ్నాలు, అంకెలు ఒకసారి చదివి సరిదిద్దుకోవాలి. ఇది చేయకుండా సీడీఆర్ (కోరెల్‌డ్రా సొంత ఫైలు) నుంచి ఎస్‌వీజీకి వెళ్లారంటే అక్షరం ‘మార్చగలిగేదిగా’ వెళ్తుంది కానీ తెలుగుగా వెళ్లదు. అవతలి వారికి అది గీతల కన్నా ఘోరం. గీతలను కనీసం చదవవచ్చు.

మీ సాఫ్ట్‌వేర్‌కు యూనికోడ్ తెలుగును సరిగ్గా కూర్చడం రావాలి. కోరెల్‌డ్రాలో 2012లో వచ్చిన ఎక్స్6 నుంచి ఆ సామర్థ్యం బాగుపడింది. అంతకన్నా పాత వెర్షన్లలో వత్తులు పక్కకు జరిగి నిలబడతాయి. ఇల్లస్ట్రేటర్‌లో ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగానికి వెళ్లి ఇండిక్ ఎంపికలను కనిపించేలా చేయాలి. తరువాత పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో దక్షిణాసియా భాషల కంపోజర్‌ను ఎంచుకోవాలి. ఇది చేయక, ఇల్లస్ట్రేటర్‌కు తెలుగు రాదని పక్కన పెట్టినవారు నాకు తెలుసు. ఇంక్‌స్కేప్‌లో అలాంటి అమరిక ఏదీ అవసరం లేదు, తెలుగు నేరుగా సరిగ్గా కూరుస్తుంది.

అసలు ప్రతిని ముట్టుకోకండి

ప్రెస్సుకు పంపే ముందు కర్వ్స్ చేయడం తప్పు కాదు. ఫాంటు లేక ముద్రణలో అక్షరాలు మారిపోకుండా అదే కాపాడుతుంది. శిలాఫలకం చెక్కే యంత్రానికి, స్టిక్కర్ కోసే ప్లాటర్‌కు గీతలే కావాలి. తప్పు జరిగేది ఆ కర్వ్స్ చేసిన ఫైలునే అదే పేరుతో సేవ్ చేసినప్పుడు.

కోరెల్‌డ్రాలో కర్వ్స్ చేయడానికి కంట్రోల్, క్యూ నొక్కే ముందే సేవ్ యాజ్ చేసి కొత్త పేరు పెట్టండి. నా దగ్గర ప్రతి పనికీ ఒక ఫోల్డర్, అందులో నాలుగు ఫైళ్లు ఉంటాయి: ‘అసలు’ అన్న పేరుతో అక్షరాలున్న ఫైలు, ‘ప్రెస్’ అన్న పేరుతో కర్వ్స్ చేసినది, వాడిన ఫాంటు ఫైలు, డిజైన్‌లోని పాఠమంతా ఉన్న ఒక నోట్‌ప్యాడ్ ఫైలు. చివరిది అనవసరమని కొందరంటారు. చెరువుగట్టు జాతర కరపత్రం లాంటిది ఏటా వస్తుంది, తేదీలు, దాతల పేర్లు తప్ప ఏదీ మారదు. ఏ సాఫ్ట్‌వేర్ తెరవకపోయినా ఆ నోట్‌ప్యాడ్ ఫైలు తెరుచుకుంటుంది. పదిహేనేళ్ల తరువాత కూడా తెరుచుకుంటుంది.

దాటించే ముందు సర్దవలసినవి

అక్షరం ఎంత సాదాగా ఉంటే అంత క్షేమంగా దాటుతుంది. వంపు గీత మీద నడిపించిన మాట, ఎన్వలప్‌తో వంచిన మాట, లోపల రంగులు కలగలిపిన మాట దారిలో గీతలుగానో ఫొటోగానో మారిపోయే అవకాశం ఎక్కువ. అలాంటి హంగులు శీర్షికకే పరిమితం చేసి, మారే అవకాశమున్న చిరునామా, ఫోన్ నంబరు, తేదీలను సాదా అక్షరాలుగా ఉంచండి.

కోరెల్‌డ్రాలో పెట్టె గీసి అందులో టైపు చేసిన పేరాగ్రాఫ్ టెక్స్ట్ అవతల పంక్తులు విరగ్గొట్టుకొని దిగుతుంది. చిన్న పాఠమైతే కంట్రోల్, ఎఫ్8 నొక్కి ఆర్టిస్టిక్ టెక్స్ట్‌గా మార్చి, పంక్తి ఎక్కడ విరగాలో మీరే ఎంటర్ నొక్కి నిర్ణయించండి. ఇంక్‌స్కేప్‌లోనూ పెట్టెలో ప్రవహించే పాఠం ఇతర సాఫ్ట్‌వేర్లకు సరిగ్గా అందదు. టెక్స్ట్ మెనూలో దాన్ని మామూలు టెక్స్ట్‌గా మార్చే ఎంపిక ఉంది. ఎగుమతికి ముందు అది వాడండి.

అక్షరాల మధ్య ఎడాన్ని సాగదీయకండి. ఇంగ్లిష్‌లో అది అందం కావచ్చు, తెలుగులో ఫార్మాట్ మారినప్పుడు వత్తును మూలాక్షరం నుంచి విడదీసే ప్రమాదం తెస్తుంది. మధ్యలో ఉండవలసిన పంక్తికి మధ్య అలైన్‌మెంట్ ఇవ్వండి, కళ్లతో చూసి జరిపి వదలకండి. ‘నల్లగొండ’ స్థానంలో ‘యాదాద్రి భువనగిరి’ టైపు చేసినప్పుడు, అలైన్‌మెంట్ ఇచ్చిన పంక్తి రెండు వైపులా సమంగా పెరుగుతుంది. ఎడమ అలైన్‌మెంట్‌లో ఉండి మధ్యకు జరిపిన పంక్తి కుడివైపు అంచు దాటిపోతుంది.

ఏ దారిలో వెళ్లాలి

కోరెల్‌డ్రా నుంచి ఇంక్‌స్కేప్‌కో ఇల్లస్ట్రేటర్‌కో వెళ్లాలంటే నా మొదటి ఎంపిక ఎస్‌వీజీ. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు వచ్చే పెట్టెలో పాఠాన్ని టెక్స్ట్‌గా పంపాలా, కర్వ్స్‌గా పంపాలా అన్న ఎంపిక ఉంటుంది. టెక్స్ట్ ఎంచుకోండి. ఎన్‌కోడింగ్ అన్నచోట యూటీఎఫ్-8 ఉండాలి. సీడీఆర్ ఫైలును నేరుగా ఇంక్‌స్కేప్‌లోనో లిబ్రేఆఫీస్ డ్రాలోనో తెరవవచ్చు కానీ, తెలుగు పాఠం విషయంలో నేను దాని మీద ఆధారపడను. కోరెల్‌డ్రా అందుబాటులో లేనప్పుడు చివరి ప్రయత్నంగా మాత్రమే చేస్తాను.

ఇల్లస్ట్రేటర్ నుంచి ఎస్‌వీజీకి వెళ్లేటప్పుడు సేవ్ యాజ్ ద్వారా వెళ్లండి. ఫాంట్ల దగ్గర అవుట్‌లైన్‌గా మార్చే ఎంపిక కాకుండా ఎస్‌వీజీ అన్నది పెట్టండి. అదే పెట్టెలో అదనపు ఎంపికలు తెరిస్తే టీస్పాన్ ట్యాగులను తగ్గించే గడి కనిపిస్తుంది. దాన్ని తప్పకుండా టిక్ చేయండి. టీస్పాన్ అంటే పంక్తిని ముక్కలుగా చేసి ఒక్కో ముక్కకూ ఒక్కో చోటు చెప్పే ట్యాగు. ఆ ముక్క ఒక అక్షరానికీ దాని వత్తుకూ మధ్య పడిందంటే ‘అమ్మ’ అన్న మాట కూడా నిలవదు.

ఇంక్‌స్కేప్ నుంచి బయటికి పంపేటప్పుడు సాదా ఎస్‌వీజీ అనే రకం ఎంచుకోండి. ఇంక్‌స్కేప్ ఎస్‌వీజీని మీ అసలు ప్రతిగా ఉంచుకోండి. సాదా రకం ఇతరులకు.

ఏఐ ఫైలు విషయంలో ఒక లోపలి సంగతి తెలిసి ఉండాలి. ఇల్లస్ట్రేటర్ ఏఐ ఫైలులో సాధారణంగా రెండు ప్రతులుంటాయి. ఒకటి ఇల్లస్ట్రేటర్ మాత్రమే చదవగలిగే సొంత ప్రతి, రెండోది పీడీఎఫ్ ప్రతి. ఇంక్‌స్కేప్ లాంటివి తెరిచేది ఆ రెండోదాన్ని. సేవ్ చేసేటప్పుడు పీడీఎఫ్‌కు అనుకూలంగా చేసే గడి టిక్ లేకపోతే అవతలివారికి ఏమీ అందదు. ఉన్నా, వారికి అందేది పీడీఎఫ్ తెలుగే. దాని కష్టాలు కింద చెబుతాను.

ప్రెస్సులు అడిగే ఈపీఎస్ (.eps) ఫార్మాట్‌ను తెలుగు అక్షరం దాటించడానికి వాడకండి. గీతలు పంపడానికి బాగుంటుంది, అంతే.

పీడీఎఫ్ ఎందుకు మోసగిస్తుంది

‘పీడీఎఫ్ పంపండి, అన్నిచోట్లా తెరుచుకుంటుంది’ అన్న మాట రోజూ వింటాం. నిజమే, తెరుచుకుంటుంది. అది కాగితం మీద ఎలా కనిపించాలో చెప్పడానికి పుట్టిన ఫార్మాట్. ఏమి రాశారో గుర్తుంచుకోవడం దాని ప్రధాన పని కాదు. పేరా ఉండదు, పంక్తులు విడివిడి ముక్కలుగా ఉంటాయి.

తెలుగుకు దీనికి మించిన నష్టం జరుగుతుంది. ‘స్త్రీ’ తీసుకోండి. యూనికోడ్‌లో దాని క్రమం స, పొల్లు, త, పొల్లు, ర, చివర దీర్ఘపు గుడి. కాగితం మీద గీసే క్రమం వేరు. ముందు ‘సీ’ అన్న ఒకే బొమ్మ, తరువాత త వత్తు, ఆ తరువాత క్రారవడి. పీడీఎఫ్ దాచేది ఈ బొమ్మల వరుసను. ఏ బొమ్మ ఏ అక్షరానిదో చెప్పే పట్టిక లోపల ఉన్నా, క్రమం మాత్రం బొమ్మలదే. అందుకే పీడీఎఫ్ నుంచి కాపీ చేసిన తెలుగులో గుడి ముందుకు వచ్చి, వత్తులు దిక్కులేకుండా వెనక మిగులుతాయి. ఇంగ్లిష్‌లో పీడీఎఫ్‌ను దారిగా వాడి నెగ్గినవారు తెలుగులో దెబ్బతినేది ఇందుకే.

పీడీఎఫ్ తప్ప వేరే దారి లేదంటే ఇలా చేయండి. కోరెల్‌డ్రాలో దిగుమతి చేసేటప్పుడు పాఠాన్ని టెక్స్ట్‌గా తేవాలా, కర్వ్స్‌గా తేవాలా అని అడుగుతుంది, టెక్స్ట్ అనండి. ఇంక్‌స్కేప్‌లో పాప్లర్ పద్ధతి ఎంచుకుంటే అక్షరాలన్నీ ఆకారాలైపోతాయి, దాని సొంత పద్ధతి ఎంచుకోండి. లిబ్రేఆఫీస్ డ్రాలో పంక్తులు వేర్వేరు పెట్టెలుగా వస్తే, అన్నీ ఎంచుకొని షేప్ మెనూలో పాఠాన్ని ఒకటిగా కలిపే ఎంపిక వాడండి. ఎలా తెచ్చినా సంయుక్తాక్షరాలున్న ప్రతి మాటనూ చదివి దిద్దాలి. పాఠం పొడవైతే దిద్దడం కన్నా కొత్తగా టైపు చేయడమే త్వరగా అవుతుందని నా అనుభవం.

ఇల్లస్ట్రేటర్ నుంచి పీడీఎఫ్ చేసేటప్పుడు ఎడిటింగ్ సామర్థ్యాన్ని నిలిపి ఉంచే గడి ఉంటుంది. అది టిక్ చేస్తే, మళ్లీ ఇల్లస్ట్రేటర్‌లో తెరిచినప్పుడు మాత్రం పాఠం పూర్తిగా మీ చేతికి వస్తుంది. ఇతర సాఫ్ట్‌వేర్లకు దానితో లాభం లేదు.

ఫాంటును వెంట పంపండి

ఎస్‌వీజీ సాధారణంగా ఫాంటు పేరునే మోసుకెళ్తుంది, ఫాంటును కాదు. అవతలి కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేకపోతే వేరొకటి వచ్చి కూర్చుంటుంది, డిజైన్ కొలతలన్నీ తప్పుతాయి. అక్షరం మాత్రం అలాగే ఉంటుంది, ఫాంటు పెట్టగానే తిరిగి సర్దుకుంటుంది. కంగారుపడి కర్వ్స్ చేయనక్కర్లేదు.

స్వేచ్ఛగా పంచుకోవడానికి లైసెన్సు ఉన్న ఫాంట్లు వాడితే పంపడంలో ఏ సంకోచమూ ఉండదు. గూగుల్ ఫాంట్స్‌లో దొరికే రామభద్ర, మండలి, ధూర్జటి, గిడుగు, సురవరం అలాంటివే. గోలకొండ పత్రికను నడిపిన పాలమూరు మనిషి సురవరం ప్రతాపరెడ్డి పేరున్న ఫాంటుతో ఒక పాలమూరు కరపత్రం కూర్చడం నాకు ప్రత్యేకంగా ఇష్టం.

దాటాక సరిచూడండి

అవతలి సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, అసలు ప్రతి ముద్రను పక్కన పెట్టుకొని చూడండి. మొత్తం చదవడానికి సమయం లేకపోతే మూడు చోట్ల తప్పక చూడండి. రెండు వత్తులున్న మాటలు మొదటివి: స్త్రీ, రాష్ట్రం, వస్త్రాలు. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట చీరల దుకాణాల పనుల్లో ‘వస్త్రాలయం’ రాని రోజు ఉండదు, తప్పు మొదట బయటపడేది అక్కడే. రెండోది, పొల్లు తరువాత అక్షరం కలవకుండా ఆపే కనిపించని గుర్తు. అది దారిలో రాలిపోతే ‘హుజూర్‌నగర్’ కాస్తా ‘హుజూర్నగర్’ అవుతుంది, ‘మహబూబ్‌నగర్’ ‘మహబూబ్నగర్’ అవుతుంది. మన ఊళ్ల పేర్లే ఇలా చెడతాయి కాబట్టి దీన్ని నేను ఎప్పుడూ వదలను. మూడోది అంకెలు, రూపాయి గుర్తు.

తరువాత ఒక మాటను నిజంగా మార్చి చూడండి. ఫోన్ నంబరు చివరి అంకె చెరిపి మళ్లీ కొట్టండి. ఆ పంక్తి కదలకుండా, రంగు, పరిమాణం మారకుండా ఉంటేనే దాటింది అనుకోండి. చూడటానికి బాగున్నంత మాత్రాన నమ్మకండి.

ఇప్పటికే అక్షరం పోయిన ఫైలు చేతికొస్తే

ముందు అడగండి. పాత ఫైలు చేసినవారి దగ్గరో, పని ఇచ్చినవారి మెయిల్‌లోనో, పెన్‌డ్రైవ్‌లోనో కర్వ్స్ చేయని ప్రతి ఉండవచ్చు. లేదని తేలితే గీతలున్న లేయర్‌ను లాక్ చేసి, మసకగా కనిపించేలా పారదర్శకత పెంచండి. దాని మీద కొత్త లేయర్ పెట్టి, దగ్గరగా ఉన్న ఫాంటులో టైపు చేయండి. ఫాంటు గుర్తుపట్టడానికి ‘క’ తలకట్టు, ‘మ’ కొమ్ము, ‘శ’ మెలిక చూడండి, ఫాంటుకూ ఫాంటుకూ స్పష్టంగా తేడా కనిపించేది వాటిలోనే.

పాఠం పేజీల కొద్దీ ఉంటే 300 డీపీఐలో బొమ్మగా ఎగుమతి చేసి, బొమ్మలోని అక్షరాలను చదివి పాఠంగా మార్చే టెసరాక్ట్ లాంటి తెలుగు ఓసీఆర్‌కు ఇవ్వండి. వచ్చిన పాఠాన్ని నోట్‌ప్యాడ్‌లో దిద్దుకొని డిజైన్‌లోకి తెచ్చుకోండి.

కొత్త అక్షరాలు కింది గీతల మీద సరిగ్గా కూర్చున్నాక ఆ మసక లేయర్‌ను తొలగించి, ఎస్‌వీజీగా సేవ్ చేయండి. ఇక మీదట ఆ ఫైలులో జిల్లా పేరు మార్చడానికి డిజైన్ సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి, కంట్రోల్, హెచ్ నొక్కి, పాత పేరు ఒక గడిలో, కొత్త పేరు రెండో గడిలో రాస్తే సరిపోతుంది.